తడిసిన సర్వి బొగ్గులు

ఆ బుధవారం ఉదయం కరుణాకుమారి ఒక చిన్న సంగతి చూసుకోలేదు. గ్యాసులోని తేమను పీల్చడానికి గాజు గొట్టంలో నింపిన కాల్షియం క్లోరైడు పాతబడి, నీళ్లు తాగి ముద్దయి ఉంది. అది గమనించకుండానే ఆమె ప్రయోగం మొదలుపెట్టింది.

అది పందొమ్మిదివందల అరవై మూడు, అక్టోబరు నెలాఖరు. మద్రాసులో వారం రోజులుగా ఒకటే వాన. కాలేజీ వెనకవైపు ప్రయోగశాలలో కిటికీ రెక్కలు ఉబ్బిపోయి మూతపడక, జల్లు లోపలికి కొడుతూనే ఉంది. ఆమె పని మందపాటి ఉక్కు గొట్టంతో. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడు, కాస్త హైడ్రోజను, గాలి కలిపి అందులో నింపాలి. పిస్టన్‌ను ఒక్క దెబ్బతో లోపలికి తోసి ఆ మిశ్రమాన్ని గట్టిగా నొక్కాలి. నొక్కిన తర్వాత ఎంతసేపటికి అంటుకుందో, ఒక వెలుగు చుక్క ఫిలిం మీద గీత గీసి చూపిస్తుంది. అంతా క్షణంలో వెయ్యో వంతుల లెక్క. రెండేళ్లుగా ఆమె అవే గీతలు కొలుస్తోంది. గీత కొంతదూరం చదునుగా పోయి, అప్పుడు పైకి లేచేది.

ఆ రోజు మాత్రం లేవాల్సిన చోటికి చాలా ముందే లేచింది.

యంత్రం చెడిందనుకుంది. మళ్లీ చేసింది. మళ్లీ అంతే. మూడోసారి కూడా అలాగే వచ్చాక గాజు గొట్టం వైపు చూసింది. లోపల తెల్లగా పలుకులు పలుకులుగా ఉండాల్సింది జిగటగా మెరుస్తోంది.

పొడి కార్బన్ మోనాక్సైడు అంటుకోవడానికి బద్ధకిస్తుందనీ, రవ్వంత తేమో హైడ్రోజనో తగిలితే ఒక్కసారిగా చురుకెత్తుతుందనీ ఆమెకు కొత్తగా తెలిసిందేమీ కాదు. పుస్తకాల్లో చదివిందే, పరీక్షలో రాసిందే. అయినా ఫిలిం మీది ఆ గీతను మరోసారి చూసింది. వెంటనే హైడ్రోజను పాళ్లు పెంచి, నూటికి పదిహేను పెట్టి, నొక్కుడు కూడా పెంచి చూసింది. పిస్టన్ చివరిదాకా పోకముందే గొట్టం గంట కొట్టినట్టు మోగింది.

చిన్నాయన గుర్తొచ్చాడు.

కరుణ తండ్రి ఆమెకు ఎనిమిదేళ్లప్పుడు పోయాడు. అప్పటినుంచీ పెంచింది తండ్రి తమ్ముడు తిమోతి. నెల్లూరు జిల్లాలో ముత్తుకూరు దాటినాక, కృష్ణపట్నం పోయే దారిలో జయరామయ్య గారి బియ్యం మిల్లులో ఇంజను డ్రైవరు. ఆ ఇంజనుకు నూనె ఉండదు, కరెంటు ఉండదు. ఇనపపొయ్యిలో సర్వి, అంటే సరుగుడు కట్టెల బొగ్గులు ఎర్రగా కాల్చి, వాటి మీదుగా గాలినీ కొద్దిగా నీటి ఆవిరినీ పంపిస్తే గ్యాసు పుడుతుంది. ఆ గ్యాసును కడిగి సిలిండర్‌లోకి పీల్చుకుని, నొక్కి, నిప్పురవ్వతో అంటించుకుంటుంది ఇంజను. ఇరవై రెండేళ్లుగా దాని పక్కనే నిలబడ్డాడు తిమోతి.

మొన్న వేసవిలో జయరామయ్య వడ్లు ఆడించే హల్లరు రెండోది పెట్టించాడు. ఇంజను లాగలేకపోయింది. నెల్లూరు నుంచి వచ్చిన ఫిట్టరొకాయన, పిస్టన్‌కు కట్టిన పెద్ద కడ్డీ మొదట్లో అర అంగుళం ఇనపప్లేటు వేస్తే సరి అన్నాడు. అప్పుడు పిస్టన్ ఇంకాస్త పైదాకా పోతుంది, గ్యాసును ఇంకాస్త గట్టిగా నొక్కుతుంది, బలం పెరుగుతుంది. తిమోతికి మనసొప్పలేదు. “మా బిడ్డ మద్రాసులో ఈ పనే చేస్తా ఉండాది. ఆమెను అడిగి వేయిద్దాం అయ్యా” అన్నాడు. జయరామయ్య సరేనన్నాడు. సెలవులకు వచ్చిన కరుణ ఆ గ్యాసును సీసాల్లో పట్టుకుపోయి పరీక్ష చేసింది. హైడ్రోజను నూటికి నాలుగు పాళ్లే. అదే పాళ్లలో కలిపి, బాగా పొడిచేసి, అంత నొక్కుడులోనూ పెట్టి చూసింది. తనంతట తాను అంటుకునే సూచన లేదు. ఉత్తరం రాసింది. “ప్లేటు వేయించవచ్చు. భయమేమీ లేదు” అని.

అది మే నెల. బొగ్గులు ఎండలో పడి గలగలమంటున్నాయి. ఇప్పుడు నెల్లూరు తీరమంతా వాన. బొగ్గుల కొట్టం పైకప్పు తాటాకు. తడిసిన బొగ్గులు ఎర్రటి నిప్పు మీద పడితే ఆవిరి, ఆ ఆవిరి లోంచి హైడ్రోజను. నాలుగు పాళ్లు కాదు, పద్నాలుగో పదహారో. మసి పట్టి ఎర్రబడిన మూల సిలిండర్‌లో ఎక్కడో ఒకటి ఉన్నా చాలు, నిప్పురవ్వ కోసం ఆగదు. పిస్టన్ పైకి వస్తుండగానే దాన్ని ఎదురుగా గుద్దుతుంది.

ప్రొఫెసరు గంగాధరం గారి గదిలోకి తడిచేతులతోనే వెళ్లింది. ఆయన ఫిలిం చూసి కళ్లజోడు తీశాడు. “టెలిగ్రాం ఇచ్చిరా ముందు” అన్నాడు. తపాలా ఆఫీసులో గుమాస్తా కాగితం తీసుకున్నాడు గానీ, గూడూరు దాటి తీగలు నిన్ననే తెగాయి, ఎప్పుడు చేరుతుందో చెప్పలేను, అన్నాడు.

మర్నాడు తెల్లవారగానే రైలెక్కింది.

రైలు గూడూరులో రెండు గంటలు ఆగింది. పట్టాల పక్కన చెరువూ చేనూ ఒకటైపోయి ఉన్నాయి. ఎదుటి బెంచీలో ఒకావిడ, మనిషి తడిసి ఉందని తన దుప్పటి ఇవ్వబోయింది. కరుణ వద్దంది. ఉత్తరంలో తను రాసిన ఆ రెండు వాక్యాలే తిరుగుతున్నాయి మనసులో. “పొడి గ్యాసు అయితే” అన్న రెండు మాటలు కలిపి ఉంటే? ఎందుకు కలపలేదు? తనకు అప్పుడు తోచలేదు, అంతే. తోచకపోవడమేమిటి, ఆ మిల్లు పక్కనే పెరిగింది కదా తను, వానాకాలం తెలియదా?

నెల్లూరులో దిగేసరికి ఒంటిగంట. ముత్తుకూరు బస్సు ఊరు ఇంకా మైలు ఉందనగా ఆగిపోయింది. కాలువ రోడ్డెక్కి పారుతోంది. నలుగురు మగవాళ్లు చేతులు పట్టుకుని దాటుతుంటే ఆమె కూడా చీర మోకాళ్లదాకా ఎగగట్టి వాళ్ల మధ్యన దూరింది. అవతల ఊళ్లోంచి మిల్లుకు మూడు మైళ్ల నడక. నడవలేదు, చాలా దూరం పరుగెత్తింది. సర్వితోపు మలుపు తిరగ్గానే ఇంజను చప్పుడు వినిపించింది. నడుస్తోంది అంటే చిన్నాయన బాగున్నాడు. ఆ సంతోషం మరో పది అడుగులు కూడా నిలవలేదు. నాలుగైదు దెబ్బలకొకసారి, మామూలు చప్పుడు కింద, దిమ్మిసతో నేల పొడిచినట్టు ఇంకో చప్పుడు.

పొయ్యి దగ్గర మిల్లు కూలిమనిషి పెంచలమ్మ బొగ్గులు ఎత్తి పోస్తోంది. గంపలోంచి నల్లటి నీళ్లు కారుతున్నాయి.

“తడిసిన బొగ్గులేనా వేస్తుండేది?” అంది కరుణ, ఆయాసపడుతూ.

“అమ్మణ్ణీ! నువ్వెప్పుడొచ్చినావు, ఈ వానలో?” అంది పెంచలమ్మ. “తడిసినివి కాకుండా పొడివి యాడుండాయి? మూడు దినాలనుంచి ఇవే.”

“ఇంక వేయొద్దు పెంచలమ్మక్కా. గంప కిందపెట్టి రోడ్డు మీదికి పో.”

లోపల హల్లర్ల దగ్గర ఆరుగురు ఆడవాళ్లు తవుడు చెరుగుతున్నారు. గోడకు ఇవతల వాళ్లు, అవతల ఇంజను. బయటికి రండి అంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అయ్య చెప్పకుండా ఎట్లా వచ్చేది, అంది వాళ్లలో పెద్దది పిచ్చమ్మ. ఇంజను సంగతి చెప్పి ఒప్పించే వ్యవధి లేదు. “గ్యాసు కారతా ఉంది!” అని గట్టిగా అరిచింది కరుణ. ఆ గ్యాసు పీలిస్తే తల తిరిగి పడిపోతారని వాళ్లందరికీ తెలుసు. చేటలు అక్కడే పడేసి పరుగెత్తారు. అబద్ధం చెప్పానని ఆమెకు తోచింది గానీ, ఆగలేదు.

ఇంజను గదిలో తిమోతి నూనెడబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు. రెండు పెద్ద చక్రాలు తిరుగుతున్నాయి. ఆమెను చూసి ఆయన ఆశ్చర్యపోలేదు. ఎవరో ఒకరు రావాలని ఎదురుచూస్తున్న మనిషిలా ఉన్నాడు. గడ్డం మాసి ఉంది, కళ్లు గుంటలు పడ్డాయి.

“చిన్నాయనా, ఆపు. ఇంజను ఆపు.”

“వినిపించిందా నీకు?” అన్నాడు తిమోతి.

“రోడ్డు మీదికి వినిపిస్తా ఉంది.”

“మూడు దినాలనుంచి కొడతా ఉండాది బిడ్డా, ఈ దెబ్బ. నా చెవికి ముసలితనం వచ్చిందేమో అనుకున్నా. బోల్టులు చూసినా, బేరింగులు చూసినా. ఏమీ లేదు. నువ్వు రాసిచ్చినావు గదా, భయమేమీ లేదని. రాత్రి పడుకుంటే నీ కాగితం గుర్తు చేసుకునేది, పొద్దున లేస్తే దీని దెబ్బ వినేది. ఇంతే పని.”



అంతలో జయరామయ్య వచ్చాడు, చేతిలో మడవని గొడుగుతో. ఏభై దాటిన మనిషి, పంచె మోకాళ్లదాకా బురద. “ఆడోళ్లను బయటికి తరిమిందెవరు? గ్యాసు యాడ కారతా ఉంది?” అన్నాడు. కరుణను చూసి, “నువ్వా అమ్మాయ్! ఎప్పుడొచ్చినావు?”

“గ్యాసు కారడంలేదు జయరామయ్య గారూ. వాళ్లను పంపించడానికి నేనే అట్లా అన్నాను. ఇంజను వెంటనే ఆపించండి.”

“ఇంకా పదిహేను బస్తాలుండాయమ్మా. కాలువ పొంగతా ఉంది. రేపటికి దారి ఉండదు. గోడౌను మీద రేకులు ఎగిరిపోతే వడ్లన్నీ మొలకెత్తి కూచుంటాయి. గంటసేపు. గంటలో ఆపేస్తాం.”

“గంట వద్దు. నేను తప్పు చెప్పినాను మీకు.”

చక్రాల హోరులో ఆయనకు సరిగా వినపడలేదు. దగ్గరికొచ్చి చెవి పెట్టాడు. అదే మాట గట్టిగా మళ్లీ చెప్పాల్సి వచ్చింది. “తప్పు చెప్పినాను. నేను చూసింది ఎండాకాలం గ్యాసు. బొగ్గు తడిస్తే గ్యాసు మారిపోతుంది. అంత నొక్కుడుకు అది ఆగదు, ముందే అంటుకుంటుంది. ఆ ప్లేటు వేయమని రాయకుండా ఉండాల్సింది.”

జయరామయ్యకు కోపం వచ్చినట్టు లేదు. అలసట వచ్చినట్టుంది. “అప్పుడు నీ మాట నమ్మి వేయించినా. ఫిట్టరు చెప్పినా వినలేదు, నీ కాగితం వచ్చినాకే వేయించినా. ఇప్పుడేమో అది తప్పంటా ఉండావు. నేను ఏ మాట నమ్మేదమ్మా?”

ఫిలిం ముక్క సంచీలో ఉంది. దాన్ని తీసి ఆయనకు చూపించడం ఎంత పిచ్చితనమో తెలిసి, చెయ్యి సంచీ మీదే ఉంచుకుంది.

ఇంజను మళ్లీ గుద్దింది. ఈసారి కాళ్ల కింద నేల అదిరింది.

తిమోతి నూనెడబ్బా కింద పెట్టాడు. “అయ్యా, ఇప్పుడు నేను ఆమె మాట మీద ఆపడంలేదు. ఆమె రాకపోయినా ఆపాల్సిందే. నా చెవి మూడు దినాలనుంచి చెప్తా ఉంటే వినలేదు నేను. మీరిద్దరూ వాకిట్లోకి పోండి.”

“తిమోతీ...” అన్నాడు జయరామయ్య.

“పోండయ్యా. బిడ్డను తీసుకుని పోండి.”

గ్యాసును మూసే తిప్పుడు మర ఇంజనుకు అవతలి పక్క, గోడ దగ్గర. చక్రం చుట్టూ తిరిగి పోవాలి. జయరామయ్య కరుణ మోచెయ్యి పట్టుకుని వాకిలి దాకా లాగాడు. తిమోతి మర మీద చెయ్యి వేయడం ఆమె చూసింది. ఒక చుట్టు తిప్పాడు. రెండో చుట్టు తిప్పుతుండగా ఆ దెబ్బ పడింది.

అంత చప్పుడు ఆమె ఎన్నడూ వినలేదు. ప్లేటును బిగించిన బోల్టులు తెగిపోయాయి. కడ్డీ ఊడి ఒక్కసారి పైకి లేచి, ఇంజను పోత ఇనుప గూడును బద్దలు కొట్టుకుని వచ్చింది. ఒక ముక్క గోడలోంచి దూసుకుపోయి హల్లర్ల గదిలో, చేటలు పడివున్న చోట పడింది. ఇంకొకటి తిమోతి భుజానికి తగిలింది. ఆయన గోడను జారుకుంటూ కూలబడ్డాడు. తలగుడ్డ ఊడి నూనెలో పడింది. చక్రాలు మాత్రం ఏమీ ఎరగనట్టు తిరుగుతూ తిరుగుతూ నెమ్మదించాయి.

కరుణకు మొదట పరుగెత్తాలనిపించింది చిన్నాయన దగ్గరికే. కానీ పగిలిన గొట్టంలోంచి గ్యాసు గదిలోకి వస్తోందని ముక్కుకు తెలిసింది. ఇప్పుడు నిజంగానే కారుతోంది. ఆమె బయటికి పరుగెత్తి పొయ్యి దగ్గర పొగగొట్టం మూత తెరిచే గొలుసు పట్టుకుని వేలాడింది. రోడ్డు మీదికి పోకుండా వానలో అక్కడే నిలబడి ఉన్న పెంచలమ్మ వచ్చి తానూ పట్టుకుంది. మూత లేచింది. గ్యాసు ఆకాశంలోకి పోయింది. తిరిగి వచ్చేసరికి జయరామయ్య తిమోతిని రెండు చంకల కింద చేతులు వేసి వాకిట్లోకి ఈడ్చుకొచ్చి, తన ఒళ్లో తల పెట్టుకుని కూచున్నాడు.

“బతికుండాడు. బతికుండాడమ్మా” అంటున్నాడు ఆయన, ఆమెకు చెప్తున్నాడో తనకే చెప్పుకుంటున్నాడో తెలియకుండా.

తిమోతిని మంచం మీద వేసి మోశారు. మంచం ముందర ఎడమకోడు కింద జయరామయ్య భుజమే ఉంది. ఊరు దాటినాక, రొమ్ములోతు పారుతున్న కాలువలో కూడా ఆయన దాన్ని ఇంకొకరికి ఇవ్వలేదు.

నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరు, పైచెయ్యి రెండుచోట్ల విరిగింది, గూడ ఎముక చీలింది, ప్రాణానికి గండం లేదు గానీ జ్వరం తగ్గాలి, అన్నాడు. జ్వరం నాలుగు రోజులు తగ్గలేదు. చిన్నమ్మ ఎలిశబెతు మంచం పక్కన మోకాళ్ల మీద కూచుని ప్రార్థన చేస్తూ ఉండేది. కరుణను ఒక్క మాట అనలేదు. ఏదైనా అంటే బాగుండునని కరుణ అనుకునేది. మాట్లాడకుండా గంజి గ్లాసు చేతికిస్తుంటే తీసుకోవడం కష్టంగా ఉండేది.

ఐదో రోజు ఉదయం తిమోతికి ఒళ్లు చల్లబడింది. నీళ్లు తాగి, కరుణ వైపు తిరిగాడు.

“ఆడోళ్లకు ఎవరికీ ఏమీ కాలేదు గదా?”

“కాలేదు చిన్నాయనా.”

“ఆ గోడలో బొక్క చూసినావా? పిచ్చమ్మ కూచునే చోటు.”

“చూసినాను.”

ఆమె ఈ ఐదు రోజులుగా అడగలేక ఉన్నది అడిగింది. “నీకు వినిపిస్తా ఉన్నా మూడు రోజులు ఎందుకు నడిపినావు? ఒక్కసారి ఆపి ఉంటే...”

“ఆపితే నీది తప్పని చెప్పినట్టు గదా బిడ్డా” అన్నాడు తిమోతి. “నలుగురిలో ఎట్లా చెప్పేది? నేను నాలుగో తరగతి. నువ్వు ఎమ్మెస్సీ. ఊళ్లో అందరికీ నీ కాగితం చూపించి ఉండా.”

ఆమె తల వంచుకుని ఏడ్చింది. ఎలిశబెతు లేచి వచ్చి, అప్పుడు మొదటిసారి, ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

జయరామయ్య ఆ పాత ఇంజనును బాగుచేయించలేదు. సంక్రాంతి దాటినాక నూనె ఇంజను తెప్పించాడు. చెయ్యి వంకరగా అతుక్కున్నా, డ్రైవరు పని తిమోతికే ఇచ్చాడు. బరువు పనికి పోలేరయ్య అనే మనిషిని తోడు పెట్టాడు. ఊళ్లో ఎవరైనా, మద్రాసు చదువుల వల్ల ఇంత జరిగిందని తీసిపడేస్తే ఆయన ఊరుకునేవాడు కాదు. “తప్పని చెప్పడానికి కాలువ దాటి వచ్చింది ఆ పిల్ల. మీలో ఎవరు వస్తారు?” అనేవాడు. కానీ కరుణ ఎదురైతే ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఆమె కూడా అంతకంటే ఆశించలేదు.

మద్రాసులో గంగాధరం గారు, పొడి గ్యాసు ఫలితాలు రెండేళ్లవి ఉన్నాయి, వాటితోనే థీసిసు పూర్తిచేయవచ్చు, తేమ సంగతి తర్వాత చూసుకుందాం, అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. గాజు గొట్టాలు తీసేసి, తేమను లెక్కగా కలుపుతూ మొదటినుంచీ మళ్లీ మొదలుపెట్టింది. దానికి ఇంకా పదహారు నెలలు పట్టింది. స్కాలర్‌షిప్పు గడువు తీరిపోతే ఒక బళ్లో సైన్సు చెబుతూ సాయంత్రాలు ప్రయోగాలు చేసింది. ప్రతి పట్టిక కిందా, ఏ గ్యాసు, ఎంత తేమ, ఎంత నొక్కుడు, ఏ హద్దు దాటితే ఈ లెక్క పనికిరాదు, అని రాసింది. ఇదంతా ఎవరు చదువుతారమ్మా, అన్నాడు గంగాధరం గారు. అయినా కొట్టేయలేదు.

అరవై ఐదు ఏప్రిల్‌లో ఆమె ఊరికి వచ్చినప్పుడు కోట అనే ఊరి నుంచి హజరత్తయ్య అనే మిల్లు యజమాని వెతుక్కుంటూ వచ్చాడు. ఆయనదీ బొగ్గు గ్యాసు ఇంజనే. తన ఇంజను కూడా ఈమధ్య ఏదో దెబ్బ కొడుతోందనీ, భయపడాల్సిందేమైనా ఉందేమో చెప్పమనీ అడిగాడు.

“ఇక్కడ కూచుని చెప్పలేనండీ” అంది కరుణ. “మీరు ఇప్పుడే పోయి ముందు ఇంజను ఆపేయండి. నేను రేపు పొద్దున బస్సుకు వస్తాను. మీ డ్రైవరును ఉండమనండి. అతనికి ఎట్లా వినిపిస్తా ఉందో ముందు అతన్నే అడగాలి.”

హజరత్తయ్య సైకిలెక్కి వెళ్లిపోయాడు. అరుగు మీద కూచుని ఉన్న తిమోతి వంకర చెయ్యి ఒళ్లో పెట్టుకుని, “రేపు నేను కూడా వస్తా” అన్నాడు. ఆమె వద్దనలేదు. ఆ రాత్రి మాత్రం ఇద్దరికీ సరిగా నిద్ర పట్టలేదు.